గోదావరి లోయ డైనోసార్లు, ‘ది లాస్ట్ వరల్డ్’ బలాబలాలు

డైనోసార్ ఎముక దొరకాలంటే రెండు కుదరాలి. ఆ జంతువులు బతికిన కాలంలో పేరుకున్న మట్టి, ఇసుక పొరలు ఉండాలి. ఆ పొరలు భూగర్భపు వేడికి కరిగి మారిపోకుండా నెమ్మదిగా రాయి కావాలి. తెలుగునేలలో చాలా భాగానికి ఈ యోగం లేదు. కుప్పం పక్కనున్న గుడుపల్లె మండలాన్నే తీసుకుంటే, అక్కడి చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులు కోలారు వైపు నుంచి సాగివచ్చిన రాతిపట్టీలో ఉన్నాయి. ఆ రాళ్ల వయసు 250 కోట్ల ఏళ్లకు పైమాటే. భూమ్మీద డైనోసార్లు కనబడింది సుమారు 23 కోట్ల ఏళ్ల కిందట. ఆ పట్టీలో ఎంత లోతుకు తవ్వినా ఎముక తగిలే వీలు లేదు. ఎముకలున్న జీవి ఏదీ పుట్టకముందే ఆ రాయి తయారైంది.

తెలుగువారి డైనోసార్లు ఉన్నది ఉత్తరాన, ప్రాణహిత-గోదావరి లోయలో. సింగరేణి బొగ్గు దొరికే పల్లపు ప్రాంతమే అది. అడుగు పొరల్లో బొగ్గు, దానిపైన కోట్ల ఏళ్లపాటు నదులు తెచ్చి పోసిన ఇసుకరాయి, ఎర్రమన్ను. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలయ్యేనాటికే ఈ పై పొరల సంగతి పండితులకు కొంత తెలుసు. ప్రాణహిత ఒడ్డున, నేటి మహారాష్ట్రలోని సిరొంచ దగ్గర, కోట అనే ఊరుంది. అక్కడి సున్నపురాయిలో చేపల శిలాజాలు 19వ శతాబ్దం నడుమనే బయటపడ్డాయి. నాగపూర్‌లో ఉన్న మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ ఈ ప్రాంతపు శిలాజాలు సేకరించి పంపాడు. ఇదే లోయలోని మలేరి పొరల్లో దొరికిన మొసలిలాంటి సరీసృపానికి పారాసూకస్ హిస్లోపి అని అతని పేరే పెట్టారు. ఆనాటి సేకరణంతా పైపైన దొరికినవి ఏరుకోవడమే. పద్ధతిగా తవ్వడానికి మరో వందేళ్లు పట్టింది.

ఆ పని చేసింది కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థ. లెక్కల సంస్థకు ఎముకలతో ఏం పని అనిపించవచ్చు. ప్రకృతిని కొలిచే ప్రతి శాస్త్రమూ తన ఆవరణలో ఉండాలని దాని వ్యవస్థాపకుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్ కోరిక. ఆయన ఆహ్వానంపై లండన్ నుంచి వచ్చిన శిలాజ శాస్త్రవేత్త పామెలా రాబిన్సన్ ఇక్కడి యువకులకు గోదావరి లోయను చూపించింది. సిరొంచ తాలూకా పోచంపల్లి దగ్గర 1960 ప్రాంతాల్లో పెద్ద పెద్ద ఎముకలు గుట్టలుగా బయటపడ్డాయి. తొడ ఎముక ఒక్కటే నిలువెత్తు మనిషంత ఉంది. కనీసం ఆరు జంతువులకు చెందిన సుమారు 300 ఎముకలు ఒకేచోట దొరికాయి. వాటి మధ్య రాయిగా మారిన చెట్టు మాన్లు కూడా ఉన్నాయి. వరదలో ఒక మంద మందంతా కొట్టుకుపోయి ఉంటుందని పరిశోధకులు ఊహించారు. 1975లో సోహన్‌లాల్ జైన్, టి.ఎస్. కుట్టి, తపన్ రాయ్‌చౌధురి, శంకర్ చటర్జీ కలిసి ఈ శాకాహారికి బరపాసారస్ టాగోరై అని పేరుపెట్టారు. తవ్వకాల నాటి రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి గుర్తుగా ఆయన పేరు చేర్చారు. దాని అస్థిపంజరం ఇప్పటికీ కోల్‌కతాలోని ఆ సంస్థ మ్యూజియంలో నిలబడి ఉంది.

రెండోది మరీ మనది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ తవ్వకాల్లో కనీసం 12 జంతువులకు చెందిన 840 ఎముకలు లభించాయి. వాటిని పరిశీలించిన పి. యాదగిరి 1988లో కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అన్న పేరుతో ప్రకటించారు. ఊరి పేరూ, ‘కోట’ అన్న పొర పేరూ ఒకే జంతువులో కలిశాయి. పొడవు సుమారు 9 మీటర్లు, బరువు రెండున్నర టన్నులు, కాలం సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట. పొడవు మెడ డైనోసార్ల వంశంలో తొలి తరాలకు చెందినది కావడం దీని విలువ. ఏనుగుకు పదింతలు పెరిగిన తర్వాతి తరాల శరీరం ఎలా మొదలైందో ఈ ఎముకల్లో చదవవచ్చు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో దీని అస్థిపంజరాన్ని అమర్చారు. ఇదే లోయలో నెన్నెల దగ్గర దొరికిన చిన్న ఆల్వాల్కేరియా ఇంకా పాతది, డైనోసార్ల తొలినాళ్లది. ధర్మారం పొరల నుంచి మరో రెండు శాకాహారులకు, లాంప్లుసారాకూ ప్రధానియాకూ, 2007లో పేర్లు పెట్టారు.

కోటాసారస్‌కు పేరొచ్చిన ఐదేళ్లకు, 1993లో, స్టీవెన్ స్పీల్‌బర్గ్ ‘జురాసిక్ పార్క్’ వచ్చింది. మరుసటి ఏడు హిందీ మాటలతో మన దేశమంతా ఆడి, డైనోసార్ అనే మాటను పల్లెపిల్లల నోట కూడా పలికించింది. దాని రెండో భాగం ‘ది లాస్ట్ వరల్డ్: జురాసిక్ పార్క్’ 1997 మే 23న అమెరికాలో విడుదలైంది. మైఖేల్ క్రైటన్ 1995లో రాసిన నవల దీనికి ఆధారం. పేరు మాత్రం ఆర్థర్ కోనన్ డాయ్ల్ 1912 నవలది. ఆ పాత నవల 1925లోనే మూకీ చిత్రమైంది. విల్లిస్ ఓబ్రయన్ చిన్న బొమ్మల్ని ఒక్కో ఫ్రేముకు కాస్త కాస్త కదిలిస్తూ చేసిన ఆ డైనోసార్లే తర్వాతివాటన్నిటికీ దారి చూపాయి.

సీక్వెల్‌కు మొదటి బలం కథాస్థలం. మొదటి భాగంలో కంచె, టికెట్టు, తెగిపోయిన కరెంటు. రెండో భాగంలో ఇస్లా సోర్నా దీవిలో జంతువులు మనిషి ఆలనా పాలనా లేకుండా వాటంతటవే బతుకుతుంటాయి. కాబట్టి చూపవలసింది ఒక జంతుప్రదర్శనశాలను కాదు, ఒక అడవిని. ఈ అవకాశాన్ని సినిమా మొదటి గంటలో చక్కగా వాడుకుంది. స్టెగోసారస్‌లు పిల్లను మధ్యలో పెట్టుకుని నడుస్తాయి, దాని దగ్గరికి వెళ్లిన మనిషిపై తిరగబడతాయి. గాయపడ్డ కూన కోసం టైరనోసారస్ జంట వెతుక్కుంటూ వస్తుంది. ఇది వట్టి కల్పన కాదు. సినిమాకు సలహాదారైన జాక్ హార్నర్, రాబర్ట్ మకేలాతో కలిసి 1979లో మాయాసారాకు పేరుపెట్టాడు. మోంటానాలో దొరికిన దాని గూళ్లు డైనోసార్లలో పిల్లల పెంపకం ఉందనే ఊహకు బలమిచ్చాయి. పోచంపల్లి, యామనపల్లి ఎముకల గుట్టలు కూడా మంద బతుకువైపే వేలు చూపుతున్నాయి. జంతువును జంతువుగా చూపినంతసేపూ ఈ సినిమా నిజమైన చరిత్రకు దగ్గరగా ఉంది.

రెండో బలం పనితనం. స్టాన్ విన్‌స్టన్ బృందం చేసిన నిలువెత్తు యంత్రపు టైరనోసారస్‌లను అటూ ఇటూ తరలించలేక, వాటి చుట్టూనే సెట్లు కట్టారు. వాటికి డెనిస్ మ్యూరెన్ బృందం కంప్యూటర్ బొమ్మలు అతుకు కనబడకుండా కలిశాయి. కొండ అంచున వేలాడే వాహనంలో, పగుళ్లు పాకుతున్న అద్దం మీద మనిషి ఊపిరి బిగబట్టి పడివుండే ఘట్టం సాహస చిత్రాల్లో ఎన్నదగినది. పొడవాటి గడ్డిలో కనబడని వేటగాళ్లు గీతలు గీసుకుంటూ వచ్చే దృశ్యమూ అంతే. దర్శకుడు అక్కడ జంతువును దాచి భయాన్ని చూపాడు. విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ నామినేషన్ దక్కినా, ఆ ఏడు బహుమతి ‘టైటానిక్’ ఎగరేసుకుపోయింది.

బలహీనతలు కథలోనూ మనుషుల్లోనూ ఉన్నాయి. జంతువుల నడవడి అధ్యయనం చేసే శాస్త్రవేత్త సారా, దేన్నీ ముట్టుకోకూడదని చెబుతూనే కూన రక్తం అంటిన బట్టలతో అడవంతా తిరుగుతుంది. ఆ వృత్తిలో ఉన్నవారు చేసే తప్పు కాదది. వెలాసిరాప్టర్‌ను ఒక బాలిక జిమ్నాస్టిక్స్‌తో తన్ని పడేసే దృశ్యం అప్పటిదాకా కూడగట్టిన భయాన్నంతా ఒక్క క్షణంలో పోగొట్టింది. చివర టైరనోసారస్ ఓడలో సాన్‌డియేగో చేరేసరికి నావికులంతా చచ్చిపడి ఉంటారు. జంతువు మాత్రం అడుగున బందీగానే ఉంటుంది. ఎవరు చంపారో సినిమా చెప్పదు. నగరపు వీధుల్లో తిరిగే ఆ చివరి భాగం తనంతట తాను హుషారుగా ఉన్నా, దీవిలో ఓపికగా నిర్మించిన అడవిని వదిలేసి జంతువును మళ్లీ భూతంగా మార్చేసింది. వేటాడటమా, చూసి వదిలేయడమా అని మొదట లేవనెత్తిన మంచి ప్రశ్న ఆ గందరగోళంలో మునిగిపోయింది.

శాస్త్రం వైపునుంచి చూస్తే పెద్ద లోపం కాలం. టైరనోసారస్, వెలాసిరాప్టర్ జురాసిక్ యుగానివి కావు, ఆ తర్వాతి క్రిటేషియస్‌వి. కోటాసారస్‌కూ టైరనోసారస్‌కూ మధ్య ఎడం 11 కోట్ల ఏళ్లు. టైరనోసారస్‌కూ మనకూ మధ్య ఎడం 6.6 కోట్లే. వెలాసిరాప్టర్ అసలు ఎత్తు మనిషి నడుము దాటదు, తెరమీద అది మనిషంత ఉంటుంది. దాని ఒంటిమీద ఈకలు లేకపోవడాన్ని మాత్రం తప్పుపట్టలేం. చైనాలో ఈకల డైనోసార్ సైనోసారోప్టెరిక్స్ సంగతి లోకానికి తెలిసింది 1996లోనే. వెలాసిరాప్టర్ చేతి ఎముకపై ఈకల గుర్తులు బయటపడింది 2007లో.

అన్నిటికంటే బాధ కలిగించేది పొడవు మెడ జంతువుల దశ. మొదటి భాగంలో చూపరుల నోళ్లు తెరిపించినవి అవే. రెండో భాగంలో మామెంచిసారస్ వేట హడావిడిలో కొన్ని క్షణాలు కనబడుతుంది, దాని కాళ్ల సందున ఒక మోటార్‌సైకిల్ దూసుకుపోతుంది, అంతే. ఆశ్చర్యం పోయి పరుగు మాత్రం మిగిలింది. వసూళ్లలోనూ ఆ తేడా కనిపించింది. తొలి విడుదలలో మొదటి భాగం ప్రపంచవ్యాప్తంగా 90 కోట్ల డాలర్లు దాటితే, రెండోది సుమారు 62 కోట్ల దగ్గర ఆగింది.

2015 నుంచి వచ్చిన ‘జురాసిక్ వరల్డ్’ భాగాలు తెలుగు మాటలతోనూ థియేటర్లకు వచ్చాయి. వాటి డైనోసార్లు మాత్రం ఎక్కువగా అమెరికావో మంగోలియావో. 2012లో ‘ఈగ’ను కదిలించిన గ్రాఫిక్స్ నిపుణులు హైదరాబాద్‌లోనే ఉన్నారు. కోటాసారస్ అస్థిపంజరమూ అదే ఊళ్లో ఉంది. ప్రాణహిత వరదలో కొట్టుకుపోయిన మంద కథను తెలుగులో తెరకెక్కించే పని వాళ్లు చేపట్టాలి. ఆలోగా పిల్లల్ని సినిమాకు తీసుకెళ్లేవారు ఒకసారి బిర్లా మ్యూజియంకు కూడా తీసుకెళ్లి, అసలైన జురాసిక్ జంతువును చూపించాలి.