సరిహద్దు సీమలో అక్షరాభ్యాసం

కోరాపుట్, రాయగడ ప్రాంతాలలో తెలుగు చదువు నిన్న మొన్న మొదలైనది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు ఈ సీమ మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణం జిల్లాలో భాగం. అటుపిమ్మట కోరాపుట్ జిల్లా అయింది. 1992 అక్టోబరు 2న అందునుండి రాయగడ వేరు జిల్లాగా రూపొందింది. జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఒడియా, తెలుగు భాషలు రెండింటా కవిత్వం చెప్పినవారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు మహాదాత. ఈ రెండు భాషలతో పాటు కువి, సవర, గదబ మొదలైన భాషలు కూడ ఈ కొండలలో వినవస్తాయి. కనుక ఇక్కడి ఉపాధ్యాయునికి మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: బిడ్డ నోట ఉన్న మాట ఏది, పుస్తకంలో ఉన్న మాట ఏది?

ఈ ప్రశ్నను అందరికంటె తీవ్రంగా పట్టించుకున్నవారు గిడుగు వేంకటరామమూర్తి పంతులు (1863–1940). గుణుపురానికి చేరువనే ఉన్న పర్లాకిమిడిలో వారు ఉపాధ్యాయులు. సవర పిల్లవాని చేతికి తెలుగు వాచకం ఇస్తే అక్షరమూ కొత్తదే, మాటా కొత్తదే. ఒకేసారి రెండు బరువులు మోయలేక ఆ పిల్లవాడు బడికి దూరమవుతాడు. అందుచేత పంతులుగారు ముందుగా తామే సవర నేర్చుకొన్నారు. ఆ భాషలో వాచకాలు తయారుచేశారు. సొంత ఖర్చుతో సవరలకు బడులు నడిపారు. కంఠంలో చప్పున ఆగిపోయే సవర ధ్వనికి తెలుగు లిపిలో గుర్తు లేదు. అట్టి ధ్వనులను సరిగా చూపడానికి వారు ధ్వనిశాస్త్రాన్ని ఆశ్రయించారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. సవర బిడ్డకు ఏది న్యాయమో తెలుగు బిడ్డకూ అదే న్యాయమని వాడుకభాష కోసం పోరాడి, 1919లో ‘తెలుగు’ పత్రికను నడిపారు. సవరలు తమంత తామే లిపిని కోరుకున్న సంగతి కూడ మరువరాదు. 1936లో మంగెయ్ గొమాంగో ‘సొరంగ్ సొంపెంగ్’ లిపిని రూపొందించారు.

అదే సంవత్సరం ఇక్కడి తెలుగువారి స్థితి తారుమారైంది. అంతవరకు బడిలో పెద్దభాషగా ఉన్న తెలుగు, ఒడిశాలో అల్పసంఖ్యాకుల భాష అయింది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చెబుతున్నది. తెలుగు బడులకు ఇది అండ. అయితే బడికి గుర్తింపు ఉన్నంతమాత్రాన తరగతిలో పాఠం సాగదు.

ఒక చిన్న ఉదాహరణ చాలు. దూరాన అచ్చయిన వాచకంలో ‘రాగులు’ అని ఉంటుంది. ఉత్తరాంధ్ర పలుకుబడి గల ఇంట అవి ‘చోళ్ళు’. ఒడియా పాఠంలో అవే ‘మాండియా’. గింజ ఒకటే, పేర్లు మూడు. గోడ పటం మీద గింజ బొమ్మ వేసి, మూడు పేర్లూ ప్రక్కప్రక్కన వ్రాస్తే అది కానిఖర్చు బోధనోపకరణం. తెలుగు, ఒడియా వర్ణమాలల క్రమం ఇంచుమించు ఒక్కటే కనుక, ఒకటి వచ్చిన బిడ్డకు రెండవది సులువు. కాని ఎ–ఏ, ఒ–ఓ భేదం ఒడియా లిపిలో లేదు. అందువల్ల ‘కొడి’, ‘కోడి’ వంటి జంటలను చెవికి వినిపించి, ఇసుకలో దిద్దించి, ఆ తరువాతనే పలక మీద వ్రాయించడం మేలు. సంత సామాన్ల జాబితా, బస్సు పలక, అమ్మమ్మ చెప్పిన కథను బిడ్డ చెబుతుండగా ఉపాధ్యాయుడు వ్రాసిన కాగితం, ఇవన్నీ వాచకాలే.

తెలుగు బడిలో చేరే కువి, సవర బిడ్డల మాట ఏమిటి? కువి ద్రావిడభాష, తెలుగుకు దగ్గర చుట్టం. సవర ముండా కుటుంబానికి చెందినది. 2006–07లో ఒడిశా ప్రభుత్వం ఆరంభించిన మాతృభాషాధారిత బహుభాషా విద్యలో ఈ రెండింటికీ చోటు లభించింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇవే భాషలకు తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. గిడుగువారు సొంత ఖర్చుతో చేసిన పని, నూరేళ్లకు అటూ ఇటుగా ప్రభుత్వాల పథకమైంది.

తన భాషకు చోటు కావాలని అడిగే తెలుగు బడి, తన బల్ల మీద కూర్చున్న సవర బిడ్డ భాషకు చోటు ఇవ్వకపోతే ఆ కోరికకు బలం ఉండదు. ప్లాటినం జూబిలీలు జరుపుకొనే పాఠశాలలు భవనాలను, ఫలితాలను లెక్కించుకోవడం సహజం. ఒకటవ తరగతిలో మొదటి నెల ఎంతమంది పిల్లలు తమ ఇంటి మాటతో నిర్భయంగా నోరు విప్పారన్నది కూడ ఆ లెక్కలో చేరాలి.