గడప దాటిన ఆట

కడప అంటే గడప. తిరుమలకు పోయే యాత్రికులు ముందు దేవుని కడపలో వెంకటేశ్వరుణ్ణి దర్శించుకొని ఆ తర్వాతే కొండదారి పట్టేవారని, ఆ గడపే ఊరి పేరైందని మా వైపు చెబుతారు. గడపకు రెండు పనులు. లోపలికి రమ్మంటుంది. ఎంతవరకు రావచ్చో కూడా చెబుతుంది. ఈ రెండో పని మర్చిపోతే ఏమవుతుందో 2020లో ప్రొద్దుటూరులో మా పిన్ని ఇంట్లో చూశాను.

లాక్‌డౌన్ రోజులు. పిన్ని కొడుకు పదో తరగతి. ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్ మీద మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పెట్టాడు. "న్నా, మా కంప్యూటర్లో ఊరు కడుతున్నాం. నువ్వూ రా" అని వాట్సాప్‌లో ఒక ఐపీ చిరునామా, చివర 25565 అనే అంకె పంపాడు. పోయి చూస్తే నిజంగానే ఊరు! ప్రొద్దుటూరు పిల్లలు, నంద్యాల పిల్లలు, కర్నూలు నుంచి ఒకడు. ఆ కర్నూలు వాడు కొండారెడ్డి బురుజు కడుతున్నాడు.

రెండు వారాలకు ఎవరో తెలియనివాళ్లు వచ్చి బురుజు కూల్చేశారు. వాళ్లను సర్వర్‌లోంచి తోసేశాడు మావాడు. మర్నాటి నుంచి ఇంటి నెట్ మొత్తం పడిపోవడం మొదలైంది. పిన్ని టీచరు. ఆమె ఆన్‌లైన్ క్లాసులూ ఆ నెట్ మీదే. రౌటర్ సెట్టింగులు తెరిచి చూస్తే అసలు సంగతి బయటపడింది. పోర్టు తెరవడం కుదరక, ఏదో వీడియో చూసి, ఆ కంప్యూటర్‌ను 'డీఎంజెడ్'లో పెట్టేశాడు. అంటే ఒక్క తలుపు తెరవాల్సిన చోట ఇంటికున్న తలుపులన్నీ తీసి పెట్టాడు. పిన్ని బ్యాంకు లావాదేవీలు, ఇంటిల్లిపాది ఆధార్ కాపీలు ఉన్నది ఆ కంప్యూటర్లోనే. అదృష్టం కొద్దీ పోయింది బురుజు ఒక్కటే.

వాణ్ణి తిట్టడం సులభం. కానీ వాడు చేసింది పాత పనే. మన ఊళ్లల్లో ఆటకు చోటు ఎప్పుడూ నలుగురిదీ. రచ్చకట్ట బండల మీద, గుడి మంటపాల నేల మీద పులిజూదం గీతలు చెక్కి ఉంటాయి. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, గులకరాళ్లు ఏరుకొని ఆడుకోవచ్చు. ఆ పలక ఏ ఒక్కరి ఇంట్లోనూ ఉండదు. ఆటలో తగాదా వస్తే రచ్చకట్ట మీదే తేలుతుంది, ఎవరి వంటింట్లోకీ రాదు.

ఆ రచ్చకట్టను ఇంట్లోకి తెచ్చింది కంప్యూటర్ ఆటలు. ఐడీ సాఫ్ట్‌వేర్ 1993లో 'డూమ్' తెచ్చినప్పుడు కలిసి ఆడాలంటే ఒకే గదిలో తీగలు కలుపుకోవాలి, లేదంటే మోడెమ్‌తో ఒకరికొకరు ఫోన్ చేసుకోవాలి. అదే సంస్థ 1996లో తెచ్చిన 'క్వేక్' పద్ధతి మార్చింది. ఒక కంప్యూటర్ సర్వర్‌గా ఉండి ఆటను నడిపిస్తుంది, మిగతావాళ్లు ఇంటర్నెట్ మీదుగా దానిలోకి వస్తారు, పోతారు. సర్వర్ ప్రోగ్రామును కంపెనీ తన దగ్గరే దాచుకోలేదు, ఆడేవాళ్ల చేతికే ఇచ్చింది. ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకున్నారు, ఎవరి నియమాలు వాళ్లు రాసుకున్నారు. 1999లో ఇద్దరు కుర్రాళ్లు 'హాఫ్-లైఫ్' మీద కట్టిన 'కౌంటర్-స్ట్రైక్' అలాంటి సర్వర్ల మీదే ప్రపంచమంతా పాకింది.

మన దేశంలో జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా, పెద్ద నగరాలకు ముందు. కర్నూలు, కడప కుర్రాళ్లకు కౌంటర్-స్ట్రైక్ నెట్ సెంటర్లలో దొరికింది. గంటకింత అని కట్టి, పక్క పక్క కుర్చీల్లో కూర్చొని ఒకరినొకరు కాల్చుకోవడమే. సర్వర్ కౌంటర్ దగ్గరి కంప్యూటర్లో, తీగలు నాలుగు గోడల మధ్య. రాత్రి ఓనరు షట్టర్ దించితే సర్వర్ కూడా మూసినట్టే. భద్రత అనే మాట ఎవరికీ తెలియదు. దాని పని ఆ షట్టరే చేసింది.

ఆ తర్వాత నెట్ ఇంటికే వచ్చింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా లాగిన తీగతో నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్ అన్నారు. పల్లెల్లో కూడా ఇరవై నాలుగ్గంటలూ నెట్ ఉండే ఇళ్లు తయారయ్యాయి. షట్టర్ మాత్రం లేదు.

అయితే ఆ ఇళ్లలో చాలావాటికి బయటి లోకానికి తెలిసే సొంత చిరునామా లేదు. పాత పద్ధతి ఐపీ చిరునామాలు మొత్తం కలిపి దాదాపు 429 కోట్లు. 2011 ఏప్రిల్‌లోనే ఆసియా-పసిఫిక్‌కు పంచే ఏపీనిక్ సంస్థ తన చివరి వాటాకు వచ్చేసింది. దాంతో కంపెనీలు ఎన్నో ఇళ్లను ఒకే చిరునామా వెనక పెట్టడం మొదలుపెట్టాయి. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకటే డోర్ నంబరన్నమాట. ఫ్లాట్ నంబరు తెలియని చుట్టం గేటు దగ్గరే ఆగిపోతాడు. దీన్నే సీజీనాట్ అంటారు. మీ రౌటర్లో కనిపించే చిరునామా 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే మీరూ ఆ అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నట్టు. మీరు పోర్టు తెరిచినా బయటివాళ్లు రాలేరు. సర్వర్ పెట్టాలనుకునేవాడికి ఇది అడ్డంకి. ఏమీ తెలియకుండా తలుపులన్నీ తీసేసేవాడికి ఇదే కాపలా. మావాడి కనెక్షన్‌కు ఆ కాపలా లేదు, నేరుగా బయటికి తెరుచుకునే చిరునామా ఉంది.

ఆ గుమ్మం బయట తిరుగుతున్నదెవరు? 2016 సెప్టెంబరులో 'మిరాయ్' అనే ప్రోగ్రాము ఇళ్లలోని కెమెరాలను, రౌటర్లను లక్షల్లో పట్టుకుంది. మార్చని పాత పాస్‌వర్డులే దానికి తాళంచెవులు. వాటన్నిటితో ఒకేసారి దాడి చేయిస్తే పెద్ద పెద్ద సర్వర్లు కూలాయి. అక్టోబరు 21న డైన్ అనే సంస్థ మీద జరిగిన దాడితో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందలేదు. చూసినవాళ్లు ఏదో దేశం యుద్ధం చేస్తోందనుకున్నారు. తీరా 2017లో మిరాయ్‌ను తయారుచేసిన నేరం ఒప్పుకున్నది ఇరవై ఏళ్ల వయసు కుర్రాళ్లు ముగ్గురు. మిరాయ్ పుట్టింది మైన్‌క్రాఫ్ట్ సర్వర్ల వ్యాపారంలోని పోటీలో. ఎదుటివాడి సర్వర్‌ను పడగొడితే అందులో ఆడేవాళ్లు మనవైపు వస్తారన్నది లెక్క. ప్రొద్దుటూరులో పిన్ని క్లాసు ఆగిపోవడం వెనకున్నదీ అదే జాతి బుద్ధి, కొలత చిన్నది, అంతే.

2021 డిసెంబరులో ఇంకో పాఠం. సర్వర్లు తమ చిట్టా రాసుకోవడానికి వాడే 'లాగ్4జే' అనే కోడ్‌లో లోపం బయటపడింది. మైన్‌క్రాఫ్ట్ చాట్‌లో ఒక వంకర వాక్యం టైపు చేస్తే చాలు, సర్వర్ నడుస్తున్న కంప్యూటర్ అవతలివాడి మాట వింటుంది. డిసెంబరు 10 కల్లా సరిదిద్దిన వెర్షన్ వచ్చింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. తెరిచిన పోర్టు ఒక్కటే అయినా, దాని వెనక ఉన్న ప్రోగ్రాము పాతదైతే ఆ ఒక్కటీ చాలు.

గండికోట చూసినవాళ్లకు ఈ పాఠం కొత్త కాదు. ఒక పక్క పెన్నా లోయ, ఇంకో పక్క గోడలు, మేకులు దిగ్గొట్టిన తలుపులు. అవి దాటి లోపలికి పోయినా అంతా మీ చేతికి రాదు. ధాన్యాగారానికి దాని గోడలు, చెరసాలకు దాని గోడలు. కోట కట్టినవాడు ద్వారాన్ని మాత్రమే నమ్ముకోలేదు.

మావాడి సర్వర్‌నూ ఆ పద్ధతిలోనే మళ్లీ కట్టాం. ముందు డీఎంజెడ్ తీసేశాం. ప్రోగ్రాములు తమంతట తాము రౌటర్లో పోర్టులు తెరుచుకునే యూపీఎన్‌పీని ఆపేశాం. 25565 ఒక్కటే తెరిచాం. దూరం నుంచి సర్వర్‌ను నడిపించే 25575, కంప్యూటర్ తెరనే చూపించే 3389 లాంటివి బయటికి ఎప్పుడూ తెరవకూడదని వాడి చేతే కాగితం మీద రాయించాను. రౌటర్ పాస్‌వర్డు మార్చాం. ఇంట్లో మూలన పడున్న పాత ల్యాప్‌టాప్ శుభ్రంగా తుడిచి, సర్వర్‌ను అందులోకి మార్చాం. అడ్మిన్ కాని వేరే అకౌంటులో నడిపాం. దాన్ని రౌటర్లోని గెస్ట్ నెట్‌వర్క్‌కు కలిపి, పిన్ని కంప్యూటర్‌ను అది చూడలేదని పరీక్షించుకున్నాకే తలుపు తీశాం. వైట్‌లిస్ట్ పెట్టాం, పేరు ఎక్కినవాడికే ప్రవేశం. రోజూ కట్టిన ఊరికి ఒక కాపీ విడిగా పెన్‌డ్రైవ్‌లోకి. కరెంటు పోతే సగం రాసిన ఫైలు చెడిపోతుంది కాబట్టి ఇన్వర్టర్ లైను.

ఒక్కటి మాత్రం మా చేతుల్లో లేదు. వరదలా డేటా వచ్చి పడితే ఇంటి లైను తట్టుకోలేదు, గోడ ఎంత గట్టిదైనా. అందుకే చిరునామాను ఊరంతా చాటకూడదు. తెలిసిన పదిమందే అయితే అందరినీ ఒక ప్రైవేటు వీపీఎన్‌లోకి చేర్చుకుంటే పోర్టు తెరిచే పనే ఉండదు, సీజీనాట్ కూడా అడ్డు రాదు. నిజంగా ఎవరైనా రావచ్చు అనే సర్వర్ కావాలంటే నెలకింత కట్టి బయట అద్దెకు తీసుకోవడమే మేలు. రచ్చకట్ట ఊరి మధ్యలో ఉండడానికి కారణం ఉంది కదా.

మరి ఇంత తంటా ఎందుకు, ఫోన్లో ఏదో ఒకటి ఆడుకోవచ్చుగా? పిన్ని అడిగిందీ ఇదే. దానికి జవాబు కూడా ఆ ఏడాదే వచ్చింది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో పబ్‌జీ మొబైల్ ఒకటి. కొన్నాళ్లకు సర్వర్లు ఆగిపోయాయి. ఏళ్లపాటు ఆడినవాళ్లకు ఆట లేదు, కలుసుకునే చోటూ లేదు. నిషేధం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. ఆటస్థలం ఎక్కడో ఎవరి చేతిలోనో ఉంటే దాని తలుపు కూడా వాళ్ల చేతిలోనే ఉంటుంది. పదిహేనేళ్ల పిల్లవాడు తన స్నేహితులకు తనే చోటిచ్చాడు. ఆ ఇవ్వడంలో తప్పు లేదు. ఇల్లు ఒకటుందని, అందులో అమ్మ కూడా ఉందని గుర్తు పెట్టుకోవడమే వాడు నేర్చుకోవాల్సింది.

దసరా ముందు మళ్లీ మెసేజ్ వచ్చింది. "న్నా, బురుజు మళ్లా కట్టినాం. నీ పేరు లిస్టులో ఎక్కించినా. రా."