పట్టా ఒకచోట, నీరు ఒకచోట

తెలుగునేల ఈస్టిండియా కుంపిణీ చేతికి ఒక్కసారిగా రాలేదు. 1766 ఒప్పందంతో నిజాం నుంచి ఉత్తర సర్కారులు, 1800లో దత్తమండలాలు (తర్వాతి రాయలసీమలో చాలా భాగం) వచ్చాయి. సర్కారుల్లో 1802లో శాశ్వత శిస్తు కట్టి జమీందారులను నిలబెట్టారు. దత్తమండలాల్లో కలెక్టర్ థామస్ మన్రో పొలం పొలం కొలిపించి, రైతు పేరనే శిస్తు రాసే రైతువారీ నెలకొల్పాడు. శిస్తు ఎవరి పేర రాయాలన్న ఆనాటి కచేరీ నిర్ణయం తరతరాల కలిమిలేములను నడిపించింది.

మన్రో పట్టా ఇచ్చాడు గాని శిస్తు రైతు నడుం విరిచింది. పాతిక శాతం తగ్గించమని 1807లో ఆయన రాస్తే పైవారు వినలేదు. తానే మద్రాసు గవర్నరయ్యాక గాని ఆ తగ్గింపు రాలేదు. పట్టా ఉన్నా నీరు లేని ఆ సీమ 1876-78 ధాత కరువుకు బలైపోయింది. కరువు పనుల్లో పొద్దస్తమానం మట్టి మోసిన మగవాడికి 1877లో సర్కారు ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ ఖాయం చేసిన కూలి పౌను గింజలు, ఒక అణా.

గోదావరి కథ వేరు. 1832-33 నందన కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. గోదావరి ఒడ్డు రాజమండ్రి జిల్లాలో సర్కారుకు పేష్కష్ (జమీందారు చెల్లించే శిస్తు) కట్టలేని జమీందారీలెన్నో వేలానికొచ్చి, కొనేవారు లేక సర్కారు పరమయ్యాయి. ఖజానా ఎండింది కనుకనే కుంపిణీ గోదావరిపై ఆనకట్టకు ఒప్పుకుంది, ప్రజల మీద దయతో కాదు. ఇంజనీరు ఆర్థర్ కాటన్ 1847లో పని మొదలుపెట్టి 1852కు ముగించాడు. ఆయన సహాయకుడు వీణం వీరన్న వెన్నంటి నిలిచాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం దగ్గర నదిపాయలకు అడ్డంగా రాతికట్టు లేచింది. లాకుల తలుపులు తీస్తే ధాన్యం పడవలు కాకినాడ రేవుకు సాగేవి. 1855కు బెజవాడ దగ్గర కృష్ణకూ ఆనకట్ట అమరింది. జమీందారీ చెదిరిన చోటికే కాలువ రావడం కలిసివచ్చిన కాలం. నీటితీరువా పోగా మిగిలింది రైతుదే. ఆ మిగులుతో బియ్యం మిల్లులు వెలిశాయి, పిల్లలు కాలేజీలకెళ్లారు. 1923లో పట్టాభి సీతారామయ్య బందరులో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు.

ఉత్తరాన విజయనగరం, బొబ్బిలి ఎస్టేట్లు నిలిచాయి. విజయనగరం ప్రభువులు కాలేజీ పెట్టారు, ఆ ఘనత వారిదే. కానీ సాగుదారుకు భూమిపై స్థిరమైన హక్కుకు 1908 ఎస్టేట్ భూముల చట్టం దాకా, జమీందారీల రద్దుకు 1948 దాకా ఆగవలసి వచ్చింది. ఈలోగా ఎందరో ఓడెక్కి రంగూను మిల్లులకు వెళ్లిపోయారు.

1967లో గోదావరి డెల్టాలోని ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు అధిక దిగుబడినిచ్చే ఐఆర్-8 వరి పండించి చూపగలిగాడంటే, చేలో ఏటా పారే కాలువ నీరు ఉండబట్టే. జమీందారీ జిల్లాలు వెనుకబడ్డాయనీ, ఆ తేడా 1960ల తర్వాతే బాగా పెరిగిందనీ ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ 2005లో దేశవ్యాప్త లెక్కలతో చూపారు. అయితే రాయలసీమకు పట్టా ఎప్పుడో ఉంది. లేనిది నీరు. కోస్తా, సీమ నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక తుంగభద్ర, కృష్ణ, పెన్నల నీటిలో ఆ సీమకూ నెల్లూరుకూ పదేళ్లపాటు ముందు వాటా ఇస్తామంది. సీమ రైతు నేటికీ ఆ కాగితాన్నే చూపి నీరడుగుతున్నాడు.