గళ్ళలో దాగిన అక్షరములు

ఆ మధ్య మేము మలక్‌పేటలో ఒక డి.టి.పి. దుకాణమునకు పోయితిమి. ఇంట కంప్యూటరుపై కూర్చుకొన్న తెలుగు వ్యాసమును అచ్చు తీయించుకొనవలెనని మా కోరిక. అందు రెండు జపాను పేరులు జపాను లిపిలోనే యున్నవి. దుకాణపు తెరపై తెలుగు చక్కగా వచ్చినది గాని, ఆ పేరులున్న చోట ఖాళీ గళ్ళు వరుసగా నిలిచినవి.

"ఫైలు పాడైందండీ, మళ్ళీ టైపు చేసి తెండి" అనిరి.

ఫైలు పాడుకాలేదు. అక్షరములు అందే యున్నవి. వానికి రూపమిచ్చు ఫాంటు మాత్రమే ఆ యంత్రమున లేదు.

ఈ లేమి కంప్యూటరుతో పుట్టినది కాదు. సీసపు అచ్చుల కాలమున జపాను కంపోజిటరు, కావలసిన అక్షరపు దిమ్మ దొరకనప్పుడు, ఏదో యొక దిమ్మను తలక్రిందుగా నిలిపెడివాడు. దిమ్మ అడుగున గాడికి ఇరుప్రక్కల నున్న అంచులు కాగితముపై రెండు నల్లని కడ్డీలుగా పడెడివి. అవి చెక్క పావుకోళ్ళ జాడవలె నుండుటచే, ఆ గుర్తుకు పావుకోళ్ళ పేరే, 'గెతా' యని, వచ్చినది. 1978 నాటి జపాను అక్షరసంకేతములో దానికిని స్థానమిచ్చిరి. లేని అక్షరమునకు సైతము ఒక అక్షరము! మాకీ యేర్పాటు మిక్కిలి నచ్చినది.

మన కష్టము వేరు. 1990 దశకపు తెలుగు ఫాంట్లు పెక్కు ఇంగ్లీషు అక్షరముల సంకేతములకే తెలుగు బొమ్మలు తొడిగినట్టివి. ఫాంటు తొలగినచో మిగులునది అర్థములేని ఇంగ్లీషు గజిబిజి. గడియే నయము; అది తన లేమిని దాచదు. ఆనాటి సంచికలు, కవితా సంపుటములు అట్టి ఫైళ్ళలో చిక్కియున్నవారు, ఏ ఫాంటులో కూర్చినదియు నేడే వ్రాసియుంచుకొనుట మేలు. అది తెలిసినగాని వానిని మార్చు పని సాగదు.

1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పు తెలుగునకు 128 స్థానములు కేటాయించినది. మరుసటి యేడు చైనా, జపాను, కొరియాల ఉమ్మడి అక్షరములు 20,902 చేరినవి. స్థానము దొరకినను రూపము వెంటనే రాలేదు. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలో 'గౌతమి' ఫాంటు వచ్చినను, సెట్టింగులలో ఒక గడిని టిక్కు పెట్టిన గాని తెలుగు సరిగా కూడెడిది కాదు. దాని ప్రక్కనే తూర్పు ఆసియా భాషలకు మరియొక గడి, దానికి 230 మెగాబైట్ల చోటు. దేశికాచారిగారి 'పోతన' ఫాంటును దింపుకొని తెలుగు చదువుకొన్న యిండ్లు ఆ రోజులలో అనేకము.

ఇప్పుడు పని సులువు. గూగుల్, అడోబీ సంస్థలు కలిసి రూపొందించిన తూర్పు ఆసియా ఫాంట్లు 2014 నుండి ఉచితముగా లభించుచున్నవి. మేము ఇంటికి వచ్చి, ఫాంటును ఫైలులోనే పొదిగి పి.డి.ఎఫ్.గా భద్రపరచి, మరునాడు మరల పోయితిమి. పేరులు రెండును నిండుగా అచ్చుపడినవి. దుకాణదారు కాగితమును వెలుతురుకు పట్టి చూచి, "వీటిని ఎట్లా చదువుతారండీ?" అని యడిగెను.