చెరువు కట్టినవారికి మాన్యం

కడప జిల్లా పోరుమామిళ్లలో భైరవాలయం దగ్గర ఉన్న రాతి పలకల మీద ఒక సంస్కృత శాసనం ఉంది. చెక్కించింది శక సంవత్సరం 1291లో, అంటే క్రీ.శ. 1369లో. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరిని ఏలుతూ అక్కడ ఒక చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల పని అని శాసనం లెక్క చెబుతుంది. అంతటితో ఆగితే అది మరో దానశాసనం అయ్యేది. కానీ మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, చెరువును చెరిచే ఆరు దోషాలనూ కూడా అది ఏకరువు పెట్టింది. కట్టలోంచి నీరు ఊరడం దోషం. చవుడు నేల దోషం. చెరువు నడుమ మిట్ట ఉండడం, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల చాలకపోవడం కూడా దోషాలే. ఈ అయిదూ ఇప్పటి ఇంజినీరు కూడా తలూపే మాటలు.

ఆరోది వేరు. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండకూడదట.

ఇది మట్టికి, నీటికి సంబంధించిన మాట కాదు. కట్టకు గండి పడిన రోజున ఎవరు పరుగెత్తుకు రావాలో తేలని చోట చెరువు కట్టవద్దని దాని భావం. ఆరున్నర శతాబ్దాల కిందటే ఈ సంగతి రాయి మీదికి ఎక్కిందంటే, అప్పటికే ఎన్ని చెరువులు దిక్కు లేక తెగిపోయి ఉంటాయో ఊహించవచ్చు.

పోరుమామిళ్లకు రాజకుమారుడు దొరికాడు. కంభం లాంటి పెద్ద చెరువుల వెనకా రాజకుటుంబాల పేర్లే వినిపిస్తాయి. కానీ రాయలసీమలో, తెలంగాణలో కొండ వాలు ఉన్న చోటల్లా కనిపించే చిన్న చెరువులు, కుంటలు వేలకు వేలు. ఒక్కొక్క దాని కింద యాభై ఎకరాలో, నూరు ఎకరాలో సాగు. వీటన్నిటికీ ఖజానా తెరిచే ఓపిక ఏ రాజుకూ లేదు. వాటిలో చాలావాటిని ఊళ్లలోని రెడ్లు, కరణాలు, వర్తకులు, కొన్నిచోట్ల రైతులే కలిసి కట్టుకున్నారు. అందుకు వారిని ముందుకు తెచ్చిన ఏర్పాటే దశబంధం.

కాకతీయ, విజయనగర కాలాల శాసనాల్లో ఈ మాట కనిపిస్తుంది. ఒకరు సొంత ఖర్చుతో చెరువు కట్టినా, తెగిన చెరువును బాగు చేయించినా, దాని కింద పారే నేలలో కొంత భాగం వారికి మాన్యంగా దక్కేది. పేరుకు పదో వంతు; ఊరిని బట్టి వాటా మారేది. ఆ నేల మీద పన్ను ఉండేది కాదు, ఉన్నా నామమాత్రం. తండ్రి తర్వాత కొడుకుకు చెందేది. దానికి ఒకటే షరతు: చెరువును ఎప్పటికీ మంచి స్థితిలో ఉంచాలి. కడప, అనంతపురం ప్రాంతాల్లో బావి తవ్విన వారికీ ఇలాంటి మాన్యాలే ఇచ్చారు.

ఈ ఏర్పాటులోని తెలివి ఇచ్చిన మొత్తంలో లేదు, ఇచ్చిన తీరులో ఉంది. రాజు చేతి నుంచి రొక్కం పోలేదు. అప్పటిదాకా బీడుగా పడి ఉన్న నేలకు నీరు అందితే పంట పండుతుంది. ఆ పంటలోంచే మాన్యం గిట్టుబాటు అవుతుంది. చెరువు నిండని ఏడు మాన్యగాడి పొలమూ ఎండుతుంది. కట్ట తెగితే ముందు మునిగేది అతని పైరే. పని బాగా చేశాడా లేదా అని తనిఖీ చేయడానికి ఎవరూ రానక్కర్లేదు.

చెరువు పని ఎంత చిల్లర పనో దగ్గరినుంచి చూస్తేగానీ తెలియదు. వానలకు ముందు కట్ట మీద మొలిచిన తుమ్మ, జిల్లేడు కొట్టేయాలి. వేళ్లు లోపలికి దిగితే వాటి వెంటే నీరు దారి చేసుకుంటుంది. ఎలుకల బొరియలు, ఎండ్రకాయల బొక్కలు వెతికి బంకమట్టితో కూరాలి. అలుగు దగ్గర పేరుకున్న చెత్త తీయాలి, లేకపోతే వరద కట్ట మీదుగా పొర్లుతుంది. వాగు నుంచి నీరు తెచ్చే కాలువలో ఇసుక మేటలు తవ్విపోయాలి. కట్ట లోపలి వైపు పరిచిన రాళ్లు అలల తాకిడికి జారితే తిరిగి పేర్చాలి. ఇందులో ఏ పనీ ఇద్దరు ముగ్గురికి ఒక పూటకు మించదు. చేయకపోతే మాత్రం ఒక్క రాత్రి వానకు ఊరి పంటంతా పోతుంది. ఈ పనులకు ఇంటికి ఒకరు చొప్పున రావడం ఊరి కట్టుబాటు. సర్కారు కాగితాల్లో దానికే కుడిమరామత్తు అని పేరు పడింది. తూము తీసి మూసే బాధ్యత, ఏ మడికి ఎంత తడి అని తేల్చే అధికారం నీరుగంటివి, తెలంగాణలో నీరడివి. కళ్లంలో కుప్ప నూర్చినప్పుడు ప్రతి రైతూ అతనికి మేర కొలిచేవాడు. నీరు చివరి మడి దాకా చేరకపోతే ఆ మడి రైతు మేర దగ్గర పేచీ పెట్టేవాడు.

పుణ్యం కూడా ఇందులో కలిసింది. సప్తసంతానాల్లో కొడుకుతో పాటు చెరువునూ లెక్కించిన సమాజం ఇది. గణపతిదేవ చక్రవర్తి చెల్లెలు మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించి శాసనం వేయించింది. విజయనగర కాలంలో తిరుమల ఆలయం మరో దారి తొక్కింది. భక్తులు నైవేద్యాల కోసం ఇచ్చిన సొమ్మును ఆలయ గ్రామాల్లో చెరువులకు, కాలువలకు పెట్టేవారు. అదనంగా పండిన పంటతో స్వామికి నైవేద్యం జరిగేది, ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతకు ముట్టేది. దాత పేరు శాసనంలో నిలిచింది, ఊరికి నీరు దక్కింది.

అయితే ఆ రోజులను ఆకాశానికి ఎత్తడం న్యాయం కాదు. మాన్యం రాయించుకున్నది పలుకుబడి ఉన్న ఇళ్లవారే. మట్టి తవ్వి, గంపలు మోసి, కట్ట పోసిన వడ్డెరలకు, ఉప్పర్లకు దక్కింది తవ్విన గుంతను కొలిచి ఇచ్చిన కూలి. ఊరి కట్టుబాటు పేరుతో వెట్టి చేసినవారిలో సెంటు భూమి లేనివారు ఎందరో. వారి పేరు ఏ రాయి మీదా లేదు. దశబంధం గురించి గొప్పగా చెప్పుకునే ప్రతిసారీ ఈ మాట కూడా చెప్పుకోవాలి.

1800లో నిజాం నుంచి దత్త మండలాలు కుంపిణీ చేతికి వచ్చాయి. వాటికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఊరూరా తిరిగి, కొత్త చెరువు కట్టాలన్న ఆలోచనే దాదాపు వృథా అని తేల్చాడు. చెరువుకు అనువైన చోటంటూ ఉంటే అక్కడ జనం అప్పటికే చెరువు కట్టేసి ఉన్నారన్నది అతని మాట సారాంశం. ఈ నేల మీద ఊరివాళ్లు చేసిన పనికి ఇంతకన్నా పెద్ద యోగ్యతాపత్రం మరొకటి లేదు.

1858 తర్వాత మద్రాసు ఇనాం కమిషన్ మాన్యాలన్నిటినీ విచారించినప్పుడు దశబంధాలు రెండు రకాలుగా లెక్కకెక్కాయి. ఫలానా సర్వే నంబరు అని విడిగా చూపిన నేల ఖండం దశబంధం. ఆయకట్టు మొత్తం శిస్తులో ఇంత వాటా అని ఉంటే షామిలాతు దశబంధం. చెరువు మరమ్మతు చేయని ఇనాందారు నుంచి ఇనాం తీసేసుకునే హక్కు సర్కారు తన దగ్గరే ఉంచుకుంది. కాగితం మీద షరతు చెక్కు చెదరలేదు. ఊళ్లో మాత్రం తరం తర్వాత తరం మాన్యం అన్నదమ్ముల మధ్య ముక్కలైంది, కొంత చేతులు మారింది. చెరువు ఒకటే; బాధ్యులు పదిమంది, ఇరవైమంది అయ్యారు. పోరుమామిళ్ల శాసనం చెప్పిన ఆరో దోషం ఇంకో రూపంలో ఊరి నడుమకే వచ్చింది.

మరోవైపు కుడిమరామత్తును నిలబెట్టడానికి అదే 1858లో మద్రాసు సర్కారు నిర్బంధ శ్రమ చట్టం తెచ్చింది. ఆచారం ప్రకారం రావలసిన పనికి రానివాడు ఆ పని విలువకు రెట్టింపు చెల్లించాలన్నారు. ఊరు తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు సర్కారు జుల్మానాగా మారాక జనం దాన్ని తమదిగా ఎందుకు చూస్తారు? 1876–78 నాటి పెద్ద కరువు సీమను ఊడ్చేశాకగానీ చిన్న చెరువుల విలువ పైవారికి పూర్తిగా తెలిసిరాలేదు. 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం మొదలైంది. సర్వేలు, అంచనాలు, పటాలు శ్రద్ధగానే తయారయ్యాయి. అయితే అప్పటినుంచి చెరువు ఒక శాఖ ఆస్తి అయింది.

స్వాతంత్ర్యం తర్వాత తెలంగాణలో 1955లో, ఆంధ్ర ప్రాంతంలో 1956లో ఇనాముల రద్దు చట్టాలు వచ్చాయి. అవి రావలసినవే, భూమి న్యాయం అదే కోరింది. కానీ మాన్యం పోయినప్పుడు దానికి ముడివేసి ఉన్న పని ఎవరిదో చెప్పిన నాథుడు లేడు. బోరుబావి వచ్చాక కలిగిన రైతుకు నీటి కోసం చెరువు వైపు చూడవలసిన అవసరం తప్పింది. లేని రైతుకు చెరువును కాపాడే బలం లేదు.

మళ్లీ ఊరివాళ్లను పిలవడం 1997లో జరిగింది. ఆ ఏడాది జనవరి 1న జన్మభూమి కార్యక్రమం మొదలైంది. ఖర్చులో కొంత ప్రజలు శ్రమగానో సొమ్ముగానో పెడితే మిగతాది ప్రభుత్వం ఇచ్చేది. అదే ఏడాది వచ్చిన రైతుల సాగునీటి యాజమాన్య చట్టంతో పది వేలకు పైగా నీటి సంఘాలు ఏర్పడ్డాయి. 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయ తెలంగాణలోని 46 వేలకు పైగా చెరువులను లక్ష్యంగా పెట్టుకుంది. అందులో ఒక పద్ధతి దశబంధానికి దగ్గరగా ఉంది. పూడిక తవ్వే ఖర్చు సర్కారుది, ఆ మట్టిని తోలుకోవడం రైతు సొంత ఖర్చు. ఒండ్రు తమ చేలకు బలమని తెలుసు కనుక రైతులు ట్రాక్టర్లతో బారులు తీరారు. తమకు దక్కేది కళ్ల ముందు ఉంటే జనం కదులుతారని ఆ బారులే చెప్పాయి.

కానీ పూడిక తీయడం ఒక్క వేసవి పని. కట్ట మీది తుమ్మ మొక్క మాత్రం ప్రతి ఏడూ మొలుస్తుంది. నిధి ఒకసారి వచ్చి బిల్లుతో ముగిసిపోతే ఆ మొక్కను పీకే చెయ్యి ఉండదు. పాత మాన్యాలు తిరిగి రానక్కర్లేదు, వెట్టి అసలే రాకూడదు. కావలసింది చెరువు మీద వచ్చే ఆదాయంలో ఒక స్థిరమైన వాటా. చేపల వేలం సొమ్ములో, కట్ట మీది చెట్ల ఫలసాయంలో ఇంత అని రాసి, దాన్ని ఆ చెరువు నిర్వహణకే కట్టిపెట్టి, పని చేసినవారికి, ముఖ్యంగా భూమి లేనివారికి, కూలిగా ముట్టేలా చేయాలి. చెరువు బాగుచేతకు నిధులు మంజూరయ్యాయని చెప్పడానికి ఈసారి అధికారులు గ్రామసభకు వస్తే, పని అయిపోయిన మరుసటి ఏడాది సంగతేమిటని ఆయకట్టు రైతులు అడగాలి. జవాబు తీర్మానంలో రాయించుకుని సంతకాలు పెట్టించాలి.