పొలం పాఠానికి పైసలు ఎవరు పెట్టారు?

 

మా హాస్టల్ రూములో నలుగురం ఉంటాం. నలుగురి ఇళ్లలో చదువు మాతోనే మొదలైంది. నలుగురి చేలల్లోనూ పత్తే. ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు ముచ్చట విత్తనాల మీదికి మళ్లింది. మా చిన్నప్పుడు బీటీ పత్తి విత్తనం కొంటే 450 గ్రాముల పెద్ద ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ ఒకటి వచ్చేది. మా నలుగురి ఇళ్లలోనూ ఆ చిన్నదాన్ని పడేసేవాళ్లు. "గది ఉత్త గింజ, దాంతో ఏం పని" అనేవాళ్లు.

అది ఉత్త గింజ కాదని మాకు డిగ్రీలో తెలిసింది. అందులో ఉన్నది బీటీ కాని విత్తనం. చేను చుట్టూ దాన్ని సాళ్లుగా వేస్తే, అక్కడ బతికిన పురుగులు బీటీకి అలవాటు పడుతున్న పురుగులతో జత కడతాయి. దాంతో మందుకు లొంగని పురుగు తొందరగా పెరగదు. మనం వేయలేదు. మన దగ్గరే కాదు, దేశంలో ఎక్కువ చోట్ల వేయలేదు. తర్వాత గులాబీ పురుగు బీటీకి కూడా లొంగకుండా తయారైంది. అదొక్కటే కారణం కాదు, కానీ కారణాల్లో అదొకటి. పురుగు తిన్న ఏడాది షావుకారు మిత్తి మాత్రం ఆగలేదు.

పదో తరగతిలో మేం మెండెల్ బఠానీ మొక్కల గురించి చదివాం, మార్కులు కూడా బాగానే వచ్చాయి. కానీ మన ఇంటి మూలన పడి ఉన్న ప్యాకెట్‌కూ ఆ పాఠానికీ సంబంధం ఉందని మాకెవరూ చెప్పలేదు. చెప్పడానికి బడిలో ఒక గుంట నేల గానీ, గుప్పెడు విత్తనం గానీ, వ్యవసాయం తెలిసిన సారు గానీ లేరు. బడిలో మాకు తెలిసిన పొలం పని ఒక్కటే. ప్రేయర్‌కు ఆలస్యంగా వస్తే గ్రౌండులో గడ్డి పీకడం. మెమోలో మాత్రం "పని, కంప్యూటర్ విద్య" అని ఒక గ్రేడు పడేది.

ఎందుకిట్లా అయిందని లైబ్రరీలో వెతికాం. వెతికిన కొద్దీ ప్రశ్న ఒకే దగ్గరికి వచ్చింది: పొలం పాఠం ఖర్చు ఎవరు పెట్టారు? చరిత్రలో దీనికి మూడు జవాబులు కనిపించాయి. ఒక చోట పిల్లలే ఒంటి కష్టంతో కట్టారు. ఒక చోట సర్కారు కట్టింది. ఇంకో చోట ఎవరూ కట్టలేదు, పాఠం కాగితం మీదే ఉండిపోయింది.

మొదటి రెండు జవాబులూ ఒకే దేశంలో దొరుకుతాయి కాబట్టి ముందు అమెరికా సంగతి చెప్తాం. అక్కడ కూడా మనలాంటి ఆదివాసులున్నారు, మనలాంటి హాస్టల్ బడులుండేవి.

1879లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్‌లో రిచర్డ్ ప్రాట్ అనే సైనికాధికారి ఆదివాసి పిల్లల కోసం బోర్డింగ్ బడి పెట్టాడు. జుట్టు కత్తిరించారు, సొంత భాష మాట్లాడొద్దన్నారు. సగం రోజు తరగతి, సగం రోజు పని. కొంతమందిని తెల్ల రైతుల ఇళ్లకు, పొలాలకు పనికి పంపేవాళ్లు. దానికి పేరు శిక్షణ. అదే పద్ధతి మిగతా ఆదివాసి బోర్డింగ్ బడులకూ పాకింది. 1928లో లూయిస్ మెరియం నాయకత్వంలో ఒక బృందం ఆ బడులన్నిటి మీద పెద్ద నివేదిక ఇచ్చింది. ఒక్కో పిల్లవాడి తిండికి సర్కారు పెడుతున్నది రోజుకు సుమారు 11 సెంట్లు అని అందులో ఉంది. సర్కారు ఇచ్చే పైసలు చాలక, పిల్లల పని మీదే ఆ బడులు నడుస్తున్నాయని కూడా తేల్చింది. అంటే పిల్లలు పొలంలో దిగింది నేర్చుకోవడానికి కాదు, బడి ఖర్చు వెళ్లదీయడానికి.

అదే దేశంలో 1917 ఫిబ్రవరి 23న స్మిత్–హ్యూస్ చట్టం వచ్చింది. హైస్కూళ్లలో వ్యవసాయం చెప్పే సార్ల జీతాలకు కేంద్ర సర్కారు డబ్బు ఇస్తుంది. మొదటి ఏడాది 5 లక్షల డాలర్లు, అది పెరుగుతూ 1926 నాటికి ఏడాదికి 30 లక్షల డాలర్లు. కేంద్రం ఎంత ఇస్తే రాష్ట్రం, స్థానిక సంస్థలు అంత కలపాలి. నేల, గదులు స్థానికంగానే చూసుకోవాలి. చదివే పిల్లవాడు ఏడాదిలో కనీసం ఆరు నెలలు ఒక పొలంలో, సారు పర్యవేక్షణలో సాగు చేయాలి. ఆ పొలం సొంత ఇంటిదైనా సరే. ఇక్కడ కూడా పిల్లలు మట్టి పనే చేశారు. కానీ సారుకు జీతం ఉంది, చేసిన పని మీద చదువు ఉంది. ఆ చట్టం కూడా అందరికీ సమానంగా అందలేదు. దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లల బడులు వేరుగా ఉండేవి, వాటి వాటా ఎప్పుడూ తక్కువే. పైసలు ఉన్న చోట కూడా పంచే చెయ్యి ఎవరిదన్నది ముఖ్యమే.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ విద్యా మహాసభ పెట్టారు. దాన్నుంచి పుట్టిందే నయీ తాలీమ్. చదువంతా ఒక చేతి పని చుట్టూ తిరగాలి, మాతృభాషలో సాగాలి. నూలు వడకడం, వడ్రంగంతో పాటు వ్యవసాయం, తోటల పెంపకం కూడా ఆ పనుల్లో ఉన్నాయి. ఆలోచన చాలా మంచిది. కానీ పిల్లలు చేసిన వస్తువులు అమ్మి ఆ డబ్బుతో పంతులు జీతం వెళ్లాలని గాంధీజీ కోరుకున్నారు. తెల్లవాళ్ల సర్కారు చదువుకు పైసలు ఇవ్వని రోజులవి. కల్లు, సారా పన్ను మీద బడులు నడవడం ఆయనకు ఇష్టం లేదు. ఆయన బాధ మనకు అర్థమవుతుంది.

ఆర్థికవేత్త కె.టి. షా ఆ సభలోనే అభ్యంతరం చెప్పారు. బడి పిల్లలు సరుకు తయారు చేసి అమ్మితే చేతివృత్తుల వాళ్ల పొట్ట మీద కొట్టినట్టు అవుతుందని ఆయన వాదన. పథకం రాసిన కమిటీకి అధ్యక్షుడు జాకిర్ హుస్సేన్, తర్వాత మన రాష్ట్రపతి అయినాయనే. ఆ కమిటీ కూడా తన నివేదికలో హెచ్చరించింది. సంపాదన మీద ధ్యాస పెరిగితే చదువు వెనక్కి పోయే ప్రమాదం ఉందని. 1944లో వచ్చిన సార్జెంట్ నివేదిక చేతి పని చదువును ఒప్పుకుంది గానీ, పిల్లల సరుకు అమ్మి బడి నడపడాన్ని ఒప్పుకోలేదు.

దాదాపు అదే కాలంలో మన అడవిలో ఇంకో ప్రయోగం జరిగింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు అప్పుడు తట్టింది. మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ వచ్చి, భార్య ఎలిజబెత్‌తో మార్లవాయిలో మన మధ్యే ఉన్నాడు. రిజర్వు ఫారెస్టు పేరుతో పల్లెల్ని లేపేయడం, బయటివాళ్లు భూములు లాక్కోవడం ఆయన రిపోర్టులకెక్కాయి. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు పంతుళ్లుగా శిక్షణ మొదలైంది. గోండీ భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. ఆ యువకులే సర్కారు పంతుళ్లై గోండు పల్లెల్లో బడులు నడిపారు. అదే కాలంలో వేల ఎకరాలకు మనవాళ్ల పేరున పట్టాలు వచ్చాయి.

మార్లవాయిని పొలం పాఠం కథలోకి ఎందుకు తెచ్చామంటే, అక్కడ మూడు సంగతులు ఒకే సమయంలో కలిశాయి. కాళ్ల కింద సొంత నేల, నోట్లో సొంత భాష, పంతులుకు సర్కారు జీతం. చదువు ఖర్చు గోండు పిల్లల వీపు మీద పెట్టలేదు. నిజాం దయతో వచ్చింది కాదది, భీం నెత్తురుతో వచ్చింది. అది కూడా నిలవలేదు. తర్వాత గోండీ వాచకాలు పోయాయి, పట్టాలైన భూముల్లో చాలా మళ్లీ చేతులు మారాయి. ఇప్పటికీ మార్లవాయిలో ఆ దంపతుల సమాధుల దగ్గర మనవాళ్లు ప్రతి జనవరిలో కూడుతారు. ఈసారి పోయినప్పుడు పూలమాలతో పాటు ఈ మాట కూడా గుర్తు చేసుకోవాలి.

స్వతంత్రం వచ్చాక ఏమైంది? 1966లో కొఠారి కమిషన్ చెప్పింది: వ్యవసాయ దృష్టి అన్ని బడుల చదువులోనూ కలవాలి, పై చదువుకు వ్యవసాయ పాలిటెక్నిక్‌లు పెట్టాలి. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని అని ఇంకో పేరు పెట్టింది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పది రోజులు సంచి లేని బడి అంది, తోట పని కూడా అందులో ఉంది. పేరు మారుతూ వచ్చింది. జీతం తీసుకునే వ్యవసాయం సారు మాత్రం మా బడికి రాలేదు. మూడో జవాబు ఇదే.

పైసలు అసలు లేవా అంటే, ఉన్నాయి. 2019లో కేంద్రం బడి పెరటి తోటలకు మార్గదర్శకాలు ఇచ్చింది. విత్తనం, పనిముట్లు, ఎరువుకు తోటకు 5,000 రూపాయల దాకా వాడుకోవచ్చు. సమగ్ర శిక్షలో తొమ్మిది నుంచి పన్నెండు వరకు వృత్తి విద్యలో వ్యవసాయం కూడా ఒక కోర్సు. మన వాటా నిధుల కోసం 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. ఆ ఏడాది ఖర్చు కాని డబ్బును తర్వాతి ఏడాదికి కలపాలని దాంట్లో ఉంది. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. బడి అభివృద్ధి ప్రణాళిక రాసేది వాళ్లే. గ్రాంట్లకు ఆ ప్రణాళికే ఆధారం కావాలని 22వ సెక్షన్ చెప్తుంది. మన అయ్య, అవ్వ వేలిముద్ర వేసే కాగితం అది. దాంట్లో ఏముందో చదివి చెప్పాల్సింది మనమే.

ఈ మాట అంటే ఇంట్లో కోపం వస్తుందని మాకు తెలుసు. మాలో ఒకరి అయ్య సూటిగా అడిగిండు: "మట్టి పిసకనీకైతే నిన్ను పట్నం ఎందుకు పంపుతా? మాతోనే ఉండేటోనివి గదా." ఆ మాటకు మా దగ్గర వెంటనే జవాబు లేదు. కార్లైల్ పిల్లల సంగతి చదివాక ఆయన భయం ఉత్తది కాదని ఇంకా బాగా తెలిసింది. ఆదివాసి పిల్లవాడికి గొడ్డలి, నాగలి చాలు, డాక్టరు చదువు ఎందుకు అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వ్యవసాయం పాఠం మనకొక్కరికే పెట్టి, పట్నం పిల్లలకు లెక్కలు, ఇంగ్లీషు పెడితే మేమే ముందు వద్దంటాం.

మేం అడుగుతున్నది వేరు. సైన్సు సారు మెండెల్‌ను చెప్పిన రోజు చేను గట్టు మీద నిలబెట్టి చెప్పాలి. లెక్కల పీరియడ్‌లో షావుకారు మిత్తి లెక్క వేయించాలి. మన సామలు, కొర్రలు, జొన్న, కంది ఎందుకు తగ్గాయో, పత్తి ఎందుకు పెరిగిందో సాంఘిక శాస్త్రంలో మాట్లాడాలి. దానికి నేల, నీళ్లు, విత్తనం, తెలిసిన మనిషి కావాలి. వాటి ఖర్చు సర్కారు పెట్టాలి. పండిన కూరగాయ పిల్లల పళ్లెంలోకే రావాలి. గడ్డి పీకడం శిక్షగా పెట్టడం ఆగాలి.

మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. సెలవులకు పోయినప్పుడు మీ ఊరి బడి అభివృద్ధి ప్రణాళిక ఒక్కసారి చూపించమని అడగండి. పెరటి తోట పేరు మీద డబ్బు వచ్చిందా, దేనికి ఖర్చయింది అని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఆదిలాబాద్‌లో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రవేత్తల్ని బడికి పిలిపించమని ఐటీడీఏకు మన సంఘం తరఫున అర్జీ ఇద్దాం. ఊళ్లో పాత విత్తనం దాచుకున్న పెద్దమ్మలున్నారు. బడికి వచ్చి చెప్పమని వాళ్లనూ పిలవండి. వచ్చిన రోజు కూలీ పోతుంది కాబట్టి ఆ రోజు డబ్బులు కూడా అర్జీలో అడగండి. వాళ్లది ఉచిత సేవ అని రాసి రావద్దు.

ఈ సెలవుల్లో మేం నలుగురం మా ఇళ్లలో విత్తనం సంచులన్నీ ముందేసుకుని, మీద రాసింది పెద్దగా చదివి వినిపించాం. ఇప్పుడు చిన్న ప్యాకెట్ వేరుగా రావడం లేదు, ఆ గింజను పెద్దదాంట్లోనే కలిపి ఇస్తున్నారు. ఎందుకు కలిపారో అయ్యకు మన మాటల్లో చెప్పాం. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగిండు: "ఇది గప్పుడే బడిల ఎందుకు చెప్పలే?"

ఆయన అడిగింది మమ్మల్ని కాదు. మీ ఊళ్లో బడికి వ్యవసాయం పేరు మీద ఏమొచ్చింది, ఏం రాలేదు అన్నది కింద రాయండి. అన్నీ కలిపి అర్జీలో పెడదాం.

జై సేవా. జై కొమురం భీం.