డెబోరా చీతమ్ ఫ్రేలన్

డెబోరా చీతమ్ ఫ్రేలన్ (జననం: 1964) ఆస్ట్రేలియాకు చెందిన యోర్టా యోర్టా, యూయిన్ ఆదివాసి సంతతి సొప్రానో గాయని, స్వరకర్త, నాటక రచయిత్రి. ఆస్ట్రేలియాలో తొలి ఆదివాసి ఒపెరాగా పేరుపొందిన ‘పీకాన్ సమ్మర్’ (2010)కు సాహిత్యం, సంగీతం రెండూ ఆమెవే. అందులో ఆమె పాడారు కూడా. ఆదివాసి గాయకులకు శిక్షణనిచ్చే షార్ట్ బ్లాక్ ఒపెరా సంస్థను 2009లో నెలకొల్పారు. స్వరకర్తగా ఆమె పేరు ఎంత మోగినా, ఈ సంస్థ లేకుండా ఆమె రచనల్లో చాలా భాగం వేదిక ఎక్కేది కాదు.

న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని నౌరాలో పుట్టిన డెబోరాను మూడు వారాల పసికందుగా ఉన్నప్పుడే తల్లి నుంచి వేరు చేశారు. ప్రభుత్వాలు, మత సంస్థలు ఇలా కుటుంబాల నుంచి లాక్కున్న ఆదివాసి పిల్లలను ఆస్ట్రేలియాలో ‘స్టోలెన్ జనరేషన్స్’ అంటారు. శ్వేతజాతి బాప్టిస్టు కుటుంబం ఆమెను పెంచుకుంది. కన్నతల్లి ఒక అట్టపెట్టెలో పెట్టి పొలంలో వదిలేసి పోయిందన్న మాటే వింటూ ఆమె పెరిగారు. అది అబద్ధమని పెద్దయ్యాక తెలిసింది. ఆస్ట్రేలియా అంతటా పేరున్న ఆదివాసి గాయకుడు జిమ్మీ లిటిల్ తనకు స్వయానా మేనమామ అన్న సంగతీ అలాగే ఆలస్యంగా తెలిసింది. ఈ అనుభవాలతో రాసి, ఒంటరిగా నటించిన ‘వైట్ బాప్టిస్ట్ అబ్బా ఫ్యాన్’ (1997) నాటకం ఆమెకు రచయిత్రిగా గుర్తింపు తెచ్చింది.

డెబోరాను ఒపెరా వైపు మళ్లించింది ఒక స్కూలు టీచరు. 1979లో సిడ్నీ ఒపెరా హౌస్‌లో జోన్ సదర్లాండ్ పాడిన ‘ది మెర్రీ విడో’ ప్రదర్శనకు ఆ టీచరు తన విద్యార్థులను తీసుకెళ్లారు. అప్పటికి డెబోరా వయసు 14. తర్వాత న్యూ సౌత్ వేల్స్ కన్సర్వేటోరియంలో పట్టా పుచ్చుకుని, న్యూయార్క్‌లోనూ గాత్ర శిక్షణ పొందారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో పాడారు.

అయితే ఒపెరా వేదికల మీద తనలాంటివాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మందైనా లేరు. వారి కోసం రాసిన పాత్రలూ లేవు. 2000 దశకం ద్వితీయార్ధంలో ‘పీకాన్ సమ్మర్’ తలపెట్టినప్పుడు రచనతో పాటు ఇంకో పెద్ద పని మీద పడింది. పాడేవాళ్లను ముందు వెతికిపట్టుకోవాలి. దేశమంతా తిరిగి గొంతున్నవారిని ఏరి, శాస్త్రీయ గాత్రంలో సాధన చేయించారు. షార్ట్ బ్లాక్ ఒపెరా ఈ అవసరంలోంచే పుట్టింది. స్వరరచన తీరుకూ దీనికీ సంబంధం ఉందనిపిస్తుంది. ఆమె రాగాలు సూటిగా, గుర్తుండిపోయేలా సాగుతాయి. ఆధునిక ఒపెరాలో కర్కశమైన ప్రయోగాలను ఆశించేవారికి ఇది పాతబాణీగా తోచవచ్చు. కానీ పిల్లలు, పెద్దలు, కొత్తగా నేర్చుకున్నవారు కలిసి పాడే బృందగానానికి ఈ బాణీయే ఒదుగుతుంది.

‘పీకాన్ సమ్మర్’ ఇతివృత్తం చారిత్రకం. కమ్మరగంజ అనే ఆదివాసి కేంద్రంలో చాలీచాలని తిండి, నాసిరకం ఇళ్లు, మేనేజరు పెత్తనం, పిల్లలను ఎప్పుడు ఎత్తుకుపోతారోనన్న భయం. పరిస్థితి చూసి మాట్లాడటానికి వచ్చిన ఉద్యమకారుడు జాక్ పాటెన్‌ను పోలీసులు అరెస్టు చేశారు. 1939 ఫిబ్రవరిలో సుమారు 200 మంది మూటాముల్లె సర్దుకుని, తాము ధుంగల అని పిలుచుకునే మర్రే నదిని దాటి, పక్కనున్న విక్టోరియా రాష్ట్రానికి వెళ్లిపోయారు. వారిలో చాలామంది మూరూప్నా, షెపర్టన్ పట్టణాల మధ్య మరో నది ఒడ్డున గుడిసెలు వేసుకున్నారు. ఆ రోజు నడిచినవారిలో తన అమ్మమ్మా తాతయ్యా ఉన్నారని డెబోరాకు తెలిసింది ఈ ఒపెరా పని మొదలయ్యాకే. తొలి ప్రదర్శన 2010 అక్టోబరులో మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో కాక మూరూప్నాలోనే జరిగింది. ఆ కథ తమ ఇంటి కథగా తెలిసినవారి మధ్య మొదట పాడాలన్నది సరైన నిర్ణయం. తర్వాత మెల్‌బోర్న్, పెర్త్, అడిలైడ్ నగరాల మీదుగా 2016లో సిడ్నీ ఒపెరా హౌస్‌కు చేరింది.

ఆమె రచనల్లో గాఢమైనది మాత్రం ఒపెరా కాదు, ‘యూమెరల్లా, శాంతి కోసం ఒక యుద్ధ రెక్వియం’. విక్టోరియా నైరుతి ప్రాంతంలో 19వ శతాబ్దం మధ్యకాలంలో వలసదారులకూ గుండిచ్‌మారా ప్రజలకూ నడిచిన పోరులో చనిపోయినవారి కోసం రాసినది. రెక్వియం అంటే క్రైస్తవ సంప్రదాయంలో మృతుల శాంతి కోసం లాటిన్‌లో సాగే ప్రార్థనా గానం. డెబోరా ఆ చట్రాన్ని ఉంచుకుని, పాటను గుండిచ్‌మారా భాషలో నడిపించారు. ఇందుకు ఆ జాతికే చెందిన విక్కీ కజిన్స్ వంటి భాషా నిపుణులు తోడ్పడ్డారు. పోరులో రెండు పక్షాలా చనిపోయినవారిని ఈ రచన తలుచుకుంటుంది. ఆదివాసులు కానివారు కూడా ఆ పదాలను నేర్చుకుని పాడాలి. 2018లో పోర్ట్ ఫెయిరీ సంగీతోత్సవంలో తొలిసారి వినిపించింది. 2019లో మెల్‌బోర్న్ సింఫనీ ఆర్కెస్ట్రా హేమర్ హాల్‌లో ప్రదర్శించింది.

ఈ మధ్యలో ఒక వివాదం. 2015లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఫైనల్లో జాతీయగీతం పాడమని ఆమెను పిలిచారు. వేల ఏళ్ల నాటి ఆదివాసి నాగరికత ఉన్న దేశాన్ని ‘యువ’ దేశమని పాడలేనని, ఆ మాట మార్చనిస్తేనే వస్తానని ఆమె అన్నారు. నిర్వాహకులు ఒప్పుకోలేదు, ఆమె పాడలేదు. 2021 జనవరి 1న ప్రభుత్వమే ఆ మాటను తొలగించింది. ఆ స్థానంలో పెట్టిన మాట మాత్రం ఆమె సూచించినది కాదు.

2020లో మెల్‌బోర్న్ సింఫనీకి ఆస్థాన స్వరకర్త అయ్యారు. 2021లో విక్టోరియన్ ఒపెరా ఆమె రాసిన పిల్లల ఒపెరా ‘పర్వాంగ్ లిఫ్ట్స్ ది స్కై’ను ప్రదర్శించింది. ఆకాశాన్ని పైకెత్తిన పక్షి గురించి వాదవురంగ్ ప్రజలు చెప్పుకునే కథ అది.

గాయకుల తర్వాత ఆమె దృష్టి వాద్యకారుల మీద పడింది. షార్ట్ బ్లాక్ ఒపెరా నీడన ఆదివాసి వాద్యకారుల బృందం ఆన్సాంబుల్ దుతాలా ఏర్పడింది. దాన్ని నడిపించే నూంగార్ ఆదివాసి కండక్టర్, స్వరకర్త ఆరన్ వయట్ 2022లో మెల్‌బోర్న్ సింఫనీని కచేరీలో నడిపి, ఆస్ట్రేలియాలో రాష్ట్రస్థాయి ఆర్కెస్ట్రాకు కండక్టరైన తొలి ఆదివాసిగా నిలిచారు.

డెబోరా 2014లో ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా పురస్కారం అందుకున్నారు. 2023లో కండక్టర్ నికోలెట్ ఫ్రేలన్‌ను వివాహమాడి ఇప్పటి పేరు స్వీకరించారు. అదే ఏడాది సిడ్నీ విశ్వవిద్యాలయంలో గాత్ర విభాగపు ఎలిజబెత్ టాడ్ పీఠాన్ని చేపట్టారు.